పదవ తరగతి తరువాత ఎవరినడగాలి?

ఈ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాసిమ్మని సంపాదకవర్గ మిత్రులు అడిగారు. బి.ఎస్సీ. చదివేవాణ్ణి గనుక ఏ కృష్ణబిలాల గురించో సౌరశక్తి గురించో రాస్తానని వాళ్ల ఊహ. వాటి గురించి రాసేటంత చదువు నాకింకా రాలేదు. నాకు అనుభవంలో ఉన్నదీ, రెండేళ్లుగా మనసును తొలుస్తున్నదీ వేరే ఉంది. పదవ తరగతి పిల్లవాడికి “తరువాత ఏం చదవాలి, ఎందుకు చదవాలి, చదివితే ఏ దారిన పోతాం” అన్నది మన దగ్గర ఎవరు చెబుతున్నారు? దాని గురించే నాలుగు మాటలు రాస్తున్నాను. అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు నాకంటే తెలిసినవారు, తప్పులుంటే దిద్దగలరు.

నేనుండేది అడిక్‌మెట్‌లో, ఒక గదిలో ముగ్గురం. సాయంత్రం గదిలో ఉక్క భరించలేక రాంనగర్, బాగ్‌లింగంపల్లి మీదుగా నడుచుకుంటూ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతుంటాను. ఆ లైబ్రరీని చూడనివాళ్లు మన కాలేజీలో తక్కువే అనుకుంటాను. లోపల కుర్చీ దొరకాలంటే పొద్దున్నే పోవాలి. దొరకనివాళ్లు బయట చెట్ల కింద, గోడల వెంట, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని చదువుతుంటారు. అక్కడి నుంచి అశోక్‌నగర్ దాకా ఏ సందులో చూసినా కోచింగు బోర్డులు, హాస్టల్ బోర్డులు, జిరాక్సు షాపులు. వాళ్లలో ఇరవై ఏళ్లవాళ్లున్నారు, ముప్ఫై దాటినవాళ్లూ ఉన్నారు.

అలా నా పక్క కుర్చీలో రోజూ కూర్చునే ఒకాయనతో పరిచయమైంది. వయసు ముప్ఫై ఒకటి. 2022లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వస్తే రెండు లక్షల ఎనభై వేల మందికి పైగా ప్రిలిమ్స్ రాశారు గదా, ఆయనా రాశాడు. ప్రశ్నపత్రాలు బయటికి పోయాయని ఆ పరీక్ష 2023లో రద్దయింది. మళ్లీ పెట్టారు, హైకోర్టు తీర్పుతో అదీ రద్దయింది. 2024లో కొత్త నోటిఫికేషన్ వచ్చింది, మళ్లీ రాశాడు. ఒకనాడు చాయ్ తాగుతూ “అన్నా, డిగ్రీలో ఏం చదివినవ్?” అని అడిగాను. చెప్పి నవ్వాడు. “తమ్ముడూ, ఆ గ్రూపు ఎందుకు దీస్కున్ననో నాకే తెల్వది. మా దోస్తుగాడు దీస్కున్నడు, నేను దీస్కున్న. గీ గ్రూప్ వన్ ఒక్కటే తెలిసి రాస్తున్న” అన్నాడు.

ఆయనను తప్పు పట్టే వయసు నాది కాదు, తప్పు పట్టేందుకు అందులో ఏమీ లేదు కూడా. పరీక్షలు రద్దు కావడం ఆయన చేతిలో లేదు. కాని ఆ మొదటి మాట నన్ను వదలలేదు. ఎందుకంటే నా కథ కూడా అదే.

మా ఊరు జనగామ దగ్గర. నాలుగెకరాలు, ఒక బోరు, పత్తి, వరి. నేను పదవ తరగతి చదివింది 2020-21లో. అది ఎలాంటి ఏడాదో అందరికీ తెలుసు. బడి మూత, పాఠాలు టీ-శాట్‌లోనూ దూరదర్శన్ యాదగిరిలోనూ. మధ్యలో కొన్నాళ్లు తెరిచారు, మళ్లీ మూశారు. చివరకు పరీక్షలే జరగలేదు. అందరినీ పాస్ చేశారు. రాష్ట్రంలో రెండు లక్షల పైచిలుకు మందికి పదికి పది వచ్చాయి, వాళ్లలో నేనొకణ్ణి. మా అమ్మ వాడకట్టంతా చక్కెర పంచింది. నాకు మాత్రం నేను ఏ సబ్జెక్టులో గట్టివాణ్ణో, ఎందులో వట్టివాణ్ణో ఆ పదికి పది చెప్పలేదు. అది అడిగేందుకు బళ్లో సార్లు కూడా కనబడలేదు.

కనబడిందొక్కడే. పట్నంలోని ఒక ప్రైవేటు కాలేజీ ప్రతినిధి. మోటారు సైకిలు మీద, మూతికి మాస్కుతో, రంగురంగుల కాగితాలతో మా ఇంటి ముందర దిగాడు. మా నంబరు ఎక్కడిదో, నాకు పదికి పది వచ్చిన సంగతి ఎట్లా తెలిసిందో మాకిప్పటికీ తెలియదు. “ఎం.పి.సి.కి కొన్నే సీట్లున్నై, ఇయ్యాల రెండు వేలు కట్టి పేరు రాయించుకుంటే రాయితీ” అన్నాడు. మా నాయిన రెండు వేలు తెచ్చిచ్చాడు. మొత్తం మీద నా భవిష్యత్తు గురించి జరిగిన చర్చ అంతే. చాయ్ చల్లారకముందే అయిపోయింది.

అదే నెలలో మా క్లాసులోని ఇంకొక పిల్లవాడు పాలిసెట్‌కు దరఖాస్తు పెడుతూ నన్నూ పెట్టమన్నాడు. నేను నాయినను అడిగితే “డిప్లొమా మనకెందుకురా, నువ్వు పెద్ద ఇంజినీరు గావాలె” అన్నాడు. నాకూ నిజమేననిపించింది. పెట్టలేదు.

తరువాత జరిగింది వినండి. బాసరలో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది, 2008లో పెట్టింది. పల్లెటూరి పిల్లలు పదో తరగతి కాగానే చేరి, ఆరేళ్లు అక్కడే ఉండి బి.టెక్. పూర్తి చేసుకుని రావచ్చు. 1500 సీట్లు. ఎప్పుడూ పదో తరగతి మార్కులను బట్టే ఇస్తారు. కాని ఆ ఏడు అన్ని లక్షల మందికి పదికి పది వచ్చిన తరువాత మార్కులతో ఎవరిని ఏరుతారు? అందుకని ఆ ఒక్క ఏడాదికి పాలిసెట్ ర్యాంకును బట్టి సీట్లిచ్చారు. పాలిసెట్ రాయనివాడికి బాసర తలుపు కూడా మూతపడ్డట్టే. నాకు ఈ సంగతి తెలిసేటప్పటికి పరీక్ష అయిపోయింది. నేను రాసి ఉంటే సీటు వచ్చేదని అనడం లేదు, రాకపోవచ్చు కూడా. పరుగు పందెం ఉందన్న సంగతే తెలియకుండా ఇంట్లో కూర్చున్నవాడు ఓడిపోయినట్టా, గెలిచినట్టా?

ఇంటర్ రెండేళ్ల మాట ఎక్కువ చెప్పను. రెండు బర్రెలు అమ్మారు, మిత్తికి అప్పు తెచ్చారు. 2023లో ఎంసెట్ రాశాను. వచ్చిన ర్యాంకుకు మంచి కాలేజీలో కన్వీనర్ సీటు రాదు, మేనేజ్‌మెంట్ సీటు కొనే స్తోమత లేదు. దోస్త్‌లో పేరు నమోదు చేసుకుని బి.ఎస్సీ.లో చేరాను. చేరిన తరువాత ఫిజిక్సు నాకు నిజంగానే ఇష్టమైంది, ఆ సంగతి వేరు.

నన్ను అసలు కుదిపింది రెండో సంవత్సరంలో. ఒక స్నేహితునితో పని మీద రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పోయాను. వాడు ఆఫీసులోకి పోతే నేను బయట నోటీసు బోర్డు చదువుతూ నిలబడ్డాను. బి.ఎస్సీ. అగ్రికల్చర్ సీట్లలో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేకంగా ఒక కోటా ఉందట. పల్లె బడిలో కనీసం నాలుగేళ్లు చదివి ఉండాలి, ఇంట్లో కనీసం ఎకరం భూమి ఉండాలి. నేను పదేళ్లు చదివింది పల్లె బళ్లోనే. భూమి నాలుగెకరాలు. ఇక కావలసింది ఇంటర్‌లో బైపీసీ. నాది ఎంపీసీ. వాడు బయటికి వచ్చి “ఏమైందిరా?” అని అడిగేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.

చిత్రమేమిటంటే నాకు చిన్నప్పటి నుంచి ఇష్టమైన పని ఏదంటే అదే. పత్తికి గులాబీ రంగు పురుగు సోకినప్పుడు చేనులో లింగాకర్షక బుట్టలు పెట్టేవాళ్లం. రోజూ పొద్దున పోయి ఏ బుట్టలో ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో లెక్కబెట్టి నోటుబుక్కులో రాసేవాణ్ణి. లెక్క ఇంత దాటితేనే మందు కొట్టాలని మా ఏఈఓ సారు చెప్పేవాడు. ఆ నోటుబుక్కు చూసి ఆయన మెచ్చుకునేవాడు. మా ఊరి రైతు వేదికలో ఆయనను వందసార్లు చూసి ఉంటాను. “సార్, మీరు ఏం చదివితే ఈ ఉద్యోగం వచ్చింది?” అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయనా చెప్పలేదు. పురుగులను లెక్కబెట్టడం ఒక చదువని, దానికి ఒక విశ్వవిద్యాలయం ఉందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. మా నాయిన దృష్టిలో చదువంటే వ్యవసాయం నుంచి తప్పించుకునే దారి. అది ఆయన అనుభవం, కాదనను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పిల్లలకు దారి చూపే పని ఒక శాస్త్రంగా ఎప్పుడు మొదలైందని చదివితే తమాషా సంగతులు తెలిశాయి. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన ఇందుకోసమే ఒక కేంద్రం తెరిచాడు. ఆయన చదివింది ఇంజినీరింగు, తరువాత బడిపంతులుగా పనిచేశాడు, లాయరయ్యాడు. తానే ఇన్ని దారులు మారినవాడు గనుక ఇతరుల కష్టం తెలిసి ఉంటుంది. ఆ ఏడే చనిపోయాడు, ఆయన పుస్తకం మరుసటి ఏడు వెలువడింది. ఆయన చెప్పిన దాని సారాంశం చాలా చిన్నది. మొదట పిల్లవాడు తనను తాను తెలుసుకోవాలి. రెండవది, లోకంలో ఏ పనులున్నాయో, వాటికి ఏం కావాలో తెలుసుకోవాలి. మూడవది, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించాలి. నూరేళ్లు దాటినా ఈ రంగంలో మిగతావన్నీ దాని మీద కట్టిన గోడలే.

మన దేశంలో ఎవరికీ ఈ ఆలోచన రాలేదనుకుంటే పొరపాటు. మన కర్నూలులో పుట్టిన డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో సెకండరీ విద్యా కమిషన్ పనిచేసింది. పిల్లలందరినీ ఒకే గాడిలో తోలవద్దు, రకరకాల కోర్సులతో మల్టీపర్పస్ పాఠశాలలు పెట్టండి, ఎవరికి ఏది తగునో చెప్పడానికి బడులకు శిక్షణ పొందిన మార్గదర్శకులు, కెరీర్ మాస్టర్లు కావాలని సిఫారసు చేసింది. మల్టీపర్పస్ హైస్కూళ్లు మన పూర్వ విద్యార్థులలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. కొన్ని ఊళ్లలో బడికి ఆ పేరు మాత్రం చాలాకాలం మిగిలింది. 1954లో ఢిల్లీలో విద్యా వృత్తి మార్గదర్శకానికి ఒక కేంద్ర సంస్థ పెట్టారు. 1961లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ఏర్పడిన తరువాత ఆ పని దాని కిందికి వచ్చింది. గైడెన్సు, కౌన్సెలింగులలో టీచర్లకు ఎన్.సి.ఇ.ఆర్.టి. డిప్లొమా కూడా ఇస్తున్నది.

తరువాత 1964-66లో కొఠారి కమిషన్. దాని అధ్యక్షుడు డి.ఎస్. కొఠారి మన సబ్జెక్టువాడే, భౌతిక శాస్త్రవేత్త. లెక్కల మనిషి గనుక ఆచరణకు వీలయ్యే లెక్క చెప్పాడు. ప్రతి బడికీ ఒక కౌన్సెలర్ అంటే అయ్యే పని కాదు, కనీసం పది హైస్కూళ్లకు ఒకరిని పెట్టండి, ఆయన బడి నుంచి బడికి తిరుగుతాడు అన్నది ఆ కమిషన్. పది బడులకు ఒక మనిషి! అరవై ఏళ్లు కావస్తున్నది. మా బడికి పశువుల డాక్టరు వచ్చి మాట్లాడి పోయాడు, ఎల్.ఐ.సి. ఏజెంటు వచ్చి పోయాడు. ఆ మనిషి మాత్రం నేను చదివిన పదేళ్లలో ఒక్కసారీ రాలేదు. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలను పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి పనివాళ్ల దగ్గరికి పంపాలని రాశారు. మంచి మాటే. మా ఊళ్లో పిల్లలు ఏడాదిలో పది రోజులేం ఖర్మ, పత్తి ఏరేటప్పుడు నెల రోజులు సంచి లేకుండానే ఉంటారు. కాని దాన్ని ఎవరూ చదువు కింద లెక్కపెట్టరు.

మన విశ్వవిద్యాలయంలో ఉద్యోగ సమాచార, మార్గదర్శక కేంద్రం ఉన్న సంగతి ఎంతమందికి తెలుసు? అది డిగ్రీలు, పీజీలు చేసినవాళ్ల కోసం. అంటే దారిలో ఐదారేళ్లు నడిచిన తరువాత “బాబూ, నువ్వు ఏ ఊరికి పోవాలి?” అని అడుగుతున్నామన్నమాట. టికెట్టు కొనక ముందు అడిగేవాడుంటే బాగుండును.

ఎందుకు ముందే అడగాలంటే, మన దగ్గర పదో తరగతి తరువాత దారులు చాలానే ఉన్నాయి గాని ఒక్కొక్క దారికి ఒక గేటు ఉంది, ఒక తారీకు ఉంది. కొన్ని గేట్లు ఒకసారి మూస్తే మళ్లీ తెరుచుకోవు. ఇంటర్ గ్రూపు అలాంటిది. ఎంపీసీ తీసుకున్నవాడికి మెడిసిను, వ్యవసాయ డిగ్రీ, వెటర్నరీ ఆ క్షణమే పోతాయి. ఎంపీసీవాళ్లకు వ్యవసాయ ఇంజినీరింగు ఉంది గాని అది వేరు. బైపీసీ వాడికి ఇంజినీరింగు కష్టం. పదిహేనేళ్ల పిల్లవాడు ఒక గడిలో టిక్కు పెడితే ఇంత జరుగుతుందని ఆ దరఖాస్తులో ఎక్కడా రాసి ఉండదు.

మళ్లీ కొన్ని దారులు మూసుకుపోయినట్టు కనబడతాయి గాని మూసుకుపోవు. ఐటీఐ సంగతే తీసుకోండి. మా ఊళ్లో ఐటీఐ అంటే చదువు అబ్బనివాడు పోయే చోటు. నిజానికి రెండేళ్ల ఐటీఐ చేసినవాడు బ్రిడ్జి కోర్సు చదివి ఎల్‌పిసెట్ రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా పూర్తి చేసి ఈసెట్ రాస్తే బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఎంసెట్ గడప తొక్కకుండా, చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని మెట్టు మెట్టూ ఎక్కి ఇంజినీరు కావచ్చు. ఎక్కడైనా ఆగిపోవలసి వచ్చినా ఆ మెట్టు మీద ఒక బతుకుతెరువు ఉంటుంది. ఇంటర్ ఎంపీసీ చదివి ఆగిపోయినవాడి చేతిలో ఏముంటుంది? బి.ఎస్సీ.లో లెక్కలు చదివినవాళ్లు కూడా ఈసెట్ రాయవచ్చు. మన క్లాసులో ఎంతమందికి తెలుసునని ఒకరోజు అడిగాను. నలుగురు చేతులెత్తారు.

వ్యవసాయానికి కూడా ఇలాంటి మెట్లున్నాయి. పదో తరగతి తరువాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది. దానికీ పాలిసెట్టే రాయాలి, కాని జీవశాస్త్రం ప్రశ్నలు కూడా రాయాలి. లెక్కలు 60, ఫిజిక్సు 30, కెమిస్ట్రీ 30 అయ్యాక వచ్చే ఆ చివరి 30 ప్రశ్నలను “మనకు పనికిరావు” అని వదిలేసి లేచిపోయేవాళ్లున్నారు. ఆ డిప్లొమా చదివినవాళ్లు అగ్రిసెట్ రాసి బి.ఎస్సీ. అగ్రికల్చర్‌లోకి పోవచ్చు. ఏఈఓ ఉద్యోగాలకూ ఆ డిప్లొమా అర్హతే. మా రైతు వేదిక సారు వచ్చింది ఆ మెట్ల మీది నుంచేనని నేను తరువాత అడిగి తెలుసుకున్నాను.

ఇవన్నీ తెలిశాక నాకు కొంత గర్వం వచ్చిందని ఒప్పుకోవాలి. పోయిన ఏడు సంక్రాంతికి ఊరికి పోయి, మా హైస్కూలు హెడ్‌మాస్టరు గారి అనుమతి తీసుకుని, నేనూ నా గది మిత్రుడూ పదో తరగతి పిల్లలకు ఒక పూట ఈ సంగతులు చెప్పాం. ముప్ఫై ఎనిమిది మంది. బోర్డు నిండా చెట్టు కొమ్మల్లాగా దారులన్నీ గీశాను. గంటన్నర మాట్లాడాను. పిల్లలు బుద్ధిగా విన్నారు. అయిపోయాక “ఏమైనా అడగండి” అంటే అందరూ నేల చూపులు చూశారు. చివరికి వెనక బెంచీలో ఒకడు లేచి “అన్నా, హైదరాబాదుల రూము కిరాయి ఎంత?” అని అడిగాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని ఆలోచిస్తే వాడు అడిగిందే అసలైన ప్రశ్న. నేను గీసిన కొమ్మలన్నిటికీ ఖర్చు ఎంతో నేను చెప్పలేదు.

ఇంకొక తప్పు కూడా చేశాను. ఎలక్ట్రీషియన్ ట్రేడు చేస్తానన్న పిల్లవాడితో “ఐటీఐ చేస్తే అక్కడితో ఆగిపోతవ్ తమ్మీ” అన్నాను. ఎల్‌పిసెట్ సంగతి అప్పటికి నాకే తెలియదు. పైన రాసినదంతా ఆ తరువాత తెలుసుకున్నది. అదృష్టం కొద్దీ ఆ పిల్లవాడు నా మాట నమ్మలేదు. వాళ్ల మేనమామ ఎలక్ట్రీషియనట, ఆయననే నమ్మి ఐటీఐలో చేరాడు. సగం తెలిసినవాడు చెప్పే సలహా కంటే పని తెలిసిన మేనమామ మేలని నాకు అప్పుడర్థమైంది.

అందరూ బయటికి పోతుంటే ఒక అమ్మాయి మాత్రం తలుపు దగ్గర ఆగింది. మెల్లగా అడిగింది: “అన్నా, మా ఇంట్ల ఇంక రెండేండ్లే సదివిస్తరట. రెండేండ్లల్ల అయిపొయ్యేటియి ఏమున్నయి?” నా బోర్డు మీద ఐదారేళ్ల దారులు గొప్పగా ఉన్నాయి. రెండేళ్లకు ఏది పూర్తవుతుందని నేను ఎన్నడూ ఆ కోణం నుంచి చూడలేదు. “కనుక్కొని చెప్తనమ్మా” అన్నాను. సిగ్గేసింది.

హైదరాబాదుకు వచ్చాక కనుక్కున్నాను. రెండేళ్లకు ముగిసేవి చాలానే ఉన్నాయి. వ్యవసాయ డిప్లొమా ఉంది. ఐటీఐ ట్రేడులున్నాయి. ఇంటర్‌లోనే ఒకేషనల్ కోర్సులున్నాయి, ల్యాబ్ టెక్నీషియన్, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ వంటివి. ఒకేషనల్ చదివినవాళ్లకు పైచదువు పోతుందనే అపోహ ఉంది. బ్రిడ్జి కోర్సు పూర్తి చేస్తే పోదు. ఇవి రాసుకుని ఆ అమ్మాయి క్లాస్ టీచరమ్మకు ఫోను చేశాను. ఆమె అంతా విని ఒక మాట అన్నది: “రెండేళ్లు అని వాళ్లెందుకన్నరో అడిగినవా బాబూ?”

అడగలేదు. టీచరమ్మ అడిగింది. ఇంటికే పోయి అడిగింది. పెళ్లి తొందర కాదట. జనగామ దాకా రోజూ బస్సు కిరాయి, ప్రైవేటు కాలేజీ ఫీజు కలిపి లెక్క వేసుకుని రెండేళ్లకు మించి మోయలేమని ఆ తండ్రి నిర్ణయించుకున్నాడు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదని, 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సులో కిరాయి లేదని విడివిడిగా ఆయనకు తెలుసు. రెండూ కలిపి తన బిడ్డకు లెక్క వేసి చూపినవాళ్లు లేరు. టీచరమ్మ పాత క్యాలెండరు వెనక కాగితం మీద ఆ లెక్క వేసింది. ఆ అమ్మాయి ఇప్పుడు జనగామలో బైపీసీ చదువుతున్నది. రెండేళ్ల తరువాత ఏమిటన్నది ఇంకా తేలలేదు. తేల్చుకోవడానికి గేటు మాత్రం తెరిచి ఉంది.

నేను గంటన్నరలో చేయలేనిది ఆమె అరగంటలో చేసింది. తేడా ఎక్కడుందో చాలా రోజులు ఆలోచించాను. నేను కోర్సుల గురించి చెప్పాను, ఆమె పిల్ల గురించి అడిగింది. పార్సన్స్ చెప్పిన మూడింటిలో నేను రెండోదానితో మొదలుపెట్టి రెండోదానితోనే ముగించాను. ఈ రోజుల్లో సమాచారానికి కొదవ లేదు. కేంద్ర ప్రభుత్వం 2015లో నేషనల్ కెరీర్ సర్వీసు పేరుతో ఇంటర్నెట్‌లో ఒక పెద్ద ఏర్పాటే చేసింది. సెల్‌ఫోనులో వెతికితే ప్రతి కోర్సు వివరమూ దొరుకుతుంది. అయితే వెతకడానికి పేరు తెలియాలి గదా. లింగాకర్షక బుట్టల దగ్గర కూర్చున్న పిల్లవాడు ఫోనులో ఏమని వెతుకుతాడు? “నువ్వు పొద్దున్నే చేనులో ఏం చేస్తున్నవ్ బిడ్డా?” అని అడిగేవాళ్లు మనుషులే కావాలి.

వాళ్లు పెద్ద మేధావులు కానవసరం లేదనీ నాకు అర్థమైంది. మొదలియార్ కమిషన్ కెరీర్ మాస్టరు అన్నది బళ్లోని ఉపాధ్యాయుణ్ణి దృష్టిలో పెట్టుకునే. వారానికి ఒక పీరియడు తగ్గించి, కొంత శిక్షణ ఇచ్చి, ఏ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఒక కాగితం చేతికిచ్చి, ఎనిమిదో తరగతి నుంచే ఒక్కొక్క పిల్లవాడితో ఏడాదికి రెండుసార్లు మాట్లాడమంటే చాలు. పదో తరగతి ఫలితాలు వచ్చాక ఆ మాట మొదలుపెడితే ఆలస్యమైపోతుంది, మోటారు సైకిలు అప్పటికే ఇంటి ముందర ఆగి ఉంటుంది. కాలేజీ ప్రతినిధిని నేను తిట్టను. అతనికి అది కూడు. కాని అతను జనవరిలోనే ఊళ్లలో తిరుగుతున్నాడు, మనం జూన్‌లో మేలుకుంటున్నాం.

మా గదిలో దీని మీద చాలా రాత్రులు వాదనలు జరిగాయి. ఒక మిత్రుడంటాడు, ఉద్యోగాలే లేనప్పుడు మార్గదర్శకం ఎందుకు, లేని ఊరికి దారి చెప్పినట్టు కాదా అని. ఆ మాటలో బలముంది. మార్గదర్శకం ఒక్క ఉద్యోగాన్నీ పుట్టించదు. చిక్కడపల్లి లైబ్రరీ రేపటికి ఖాళీ కాదు. కాని అప్పు చేసి ఎంపీసీ చదివి ఆగిపోయినవాడికీ, అదే రెండేళ్లలో పని నేర్చుకున్నవాడికీ తేడా ఉంది గదా అని నేనంటాను. ఆ తేడా రెండు బర్రెల ఖరీదు. మా ఇంట్లో ఆ కొట్టం ఇంకా ఖాళీగానే ఉంది.

ఈ ఏడు మళ్లీ పోవాలనుకుంటున్నాం. పోయినసారి ఇద్దరం, ఈసారి ఐదుగురం అయ్యాం. ఒకతను ఐటీఐ నుంచి ఎక్కి వచ్చి ఇంజినీరింగు కాలేజీలో చదువుతున్నవాడు, నా తప్పు దిద్దింది అతనే. బోర్డు మీద కొమ్మలు గీయడం మానేశాం. ముప్ఫై మంది ఉంటే ఐదుగురం తలా ఆరుగురిని తీసుకుని చెట్ల కింద కూర్చుంటాం. మొదటి గంట మేము మాట్లాడం, వాళ్లను అడుగుతాం: ఇంట్లో ఎవరేం చేస్తారు, పొద్దున లేచి నువ్వేం చేస్తావు, ఏ పని చేస్తుంటే ఆకలి తెలియదు, ఇంట్లో ఎన్నేళ్లు చదివిస్తామన్నారు, ఎందుకన్నారు. రెండో గంటలో తారీకుల కాగితం, ఖర్చుల కాగితం తెలుగులో రాసి ఇస్తాం. తెలియనివి “తెలియదు” అని రాసుకుని వచ్చి, కనుక్కుని టీచర్లకు ఫోను చేస్తాం. పాలిసెట్ దరఖాస్తు గడువు లోపల ఇది అయిపోవాలి. లింగాకర్షక బుట్టల నోటుబుక్కు మా ఇంట్లో అటుక మీద ఇంకా ఉంది. ఈసారి పోయినప్పుడు దాన్ని కూడా దించి బడికి తీసుకుపోతాను.

రాదలచినవాళ్లు నాకు చెప్పండి. ఆదివారం పొద్దున ఆరింటికి అడిక్‌మెట్‌లో బయలుదేరితే ఉప్పల్‌లో జనగామ బస్సు దొరుకుతుంది. కిరాయి ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. అన్నం మా ఇంట్లో.